ప్రౌడ్ టు బీ గుండు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున అలిపిరి రోడ్డులో మా షాపు ముందర వ్యాను ఆగిన సంగతి మీ దాకా రాలేదంటే నేను నమ్మను. వచ్చే ఉంటుంది. కాకపోతే ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పి ఉంటారు. కొట్లాట అని ఒకరు, సినిమా షూటింగ్ అని ఒకరు. అవేమీ కాదు. ఆ వ్యానును మద్రాసు నుంచి పిలిపించింది నేనే, ఇంటర్నెట్లో. అందులోంచి ఎవరు దిగుతారనుకున్నానో వాళ్ళు దిగలేదు, అంతే!

మొదట్నించీ చెప్తాను. మా ఆవిడ మల్లికది నగరి. చిన్నప్పటి నుంచీ మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనిషి. పెళ్ళయి తిరుపతి వచ్చాక అలిపిరి రోడ్డులో ఒక కాంప్లెక్సులో చిన్న రూము తీసుకుని జాకెట్లు కుడుతోంది. బాగానే జరిగేది. చెడగొట్టింది నేను. లారీ ట్రాన్స్‌పోర్టులో బుకింగ్ క్లర్కుగా ఉండేవాణ్ణి కదా, వాళ్ళు ఇక్కడి ఆఫీసు ఎత్తేశారు. ఇంట్లో ఒక్కణ్ణీ ఏం చేస్తానని పొద్దున్నే పోయి ఆవిడ షాపులో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. పని లేని మగవాడు రోడ్డు చూస్తూ కూర్చుంటే ఏమవుతుంది? ఐడియాలు వస్తాయి.

నాకు వచ్చిన ఐడియా ఇది. ఆ రోడ్డులో పోయే తలకాయల్లో సగం గుండ్లే. కొండ మీద గుండు కొట్టించుకుని, చందనం పూసుకుని, కిందికి దిగేసరికి మన తిరుపతి ఎండ. ఒకాయన తల మీద టవల్ వేసుకుంటాడు, ఒకాయన పేపరు పెట్టుకుంటాడు. ఒక పెద్దాయనైతే లడ్డూ కవరు బోర్లించుకుని పోతున్నాడు! నాకు ప్రాణం ఉసూరుమంది. నగరి గుడ్డ ఎంత మెత్తగా ఉంటుందో మీకు తెలుసు. మా బామ్మర్ది మరమగ్గాల దగ్గర నుంచి కటింగు ముక్కలు మూటలు మూటలుగా, అప్పుడప్పుడు తాన్లు కూడా పంపిస్తుంటాడు. ఆ గుడ్డతో గుండుకి సరిపోయే టోపీలు కుడితే?

"ఏం మే, కుడతావా?" అన్నాను.

"కుట్టేది నా పని. అమ్మేది నీ పని. మద్దెలో నన్ను లాగొద్దు" అంది మల్లిక.

అంతే, షాపు మార్చేశాను. ఆవిడ మిషను వెనక్కి జరిపి, ముందర గాజు కౌంటరు పెట్టి, అందులో టోపీలు వరసగా పేర్చాను. జాకెట్ల కోసం వచ్చే ఆడవాళ్ళు టోపీలు చూసి, షాపు మారిపోయిందనుకుని తిరిగి పోవడం మొదలుపెట్టారు. టోపీల కోసం వచ్చేవాళ్ళు మాత్రం రాలేదు. కొండ దిగిన జనం దిగినట్టే బస్సెక్కేస్తారు. నేను రోడ్డు మీదికి పోయి, "సార్, టోపీ పెట్టమంటారా?" అని అడిగేవాణ్ణి. తెలుగువాడు ఎవడైనా ఆ మాటకి ఆగుతాడా? "మాకే టోపీ పెడతావా" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు.

రూము ఓనరు మునిరత్నం అని పెద్దమనిషి. ఆయన ఒకరోజు వచ్చి కౌంటరు మీద చెయ్యేసి చెప్పేశాడు.

"సూడప్పా, నాకు బాడుగ ఇస్తాండావు, కాదనను. కానీ నీ అంగట్లో ఈగలు తప్ప ఎవురూ ఉండేది లేదు. ఒక అంగడి బోసిగా ఉంటే పక్క అంగళ్ళు కూడా బోసిపోతాయి. సెల్ ఫోన్ రీఛార్జి పెడతానని ఒకాయన నా యెంట పడి తిరగతాండాడు. నెలాఖరు లోపల ఈడ నాలుగు తలకాయలు కనపడల్ల. లేదంటే రూము ఆయనకి ఇచ్చేస్తా. ఏమీ అనుకోవద్దు."

అనుకోకుండా ఎట్లా ఉంటాను? అది నా షాపైతే పోతే పోయిందనుకునేవాణ్ణి. అది మల్లిక షాపు. తొమ్మిదేళ్ళు మిషను తొక్కి నిలబెట్టుకున్న షాపు. వెనక నుంచి ఆ మాట విన్నది. మిషను చప్పుడు ఒక నిమిషం ఆగింది. ఆ నిమిషం నాకు నిజంగా భయమేసింది.

మా షాపుకి రెండు గదుల అవతల జిలాని ఇంటర్నెట్ సెంటరు. రాయచోటి నుంచి వచ్చినవాడు, మంచివాడు, ఏది చెప్పినా తెలిసినట్టే చెప్తాడు. వాడి దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను.

"అన్నా, నువ్వు రోడ్డు మీద అరిస్తే ఏం లాభం? ఇప్పుడు జనమంతా ఈడుండారు" అని కంప్యూటర్ మీద తట్టాడు. అదేనండీ, పాత స్నేహితులంతా దొరుకుతారని ఇప్పుడందరూ పడి చస్తున్నారే, ఒకరి పేజీలో ఒకరు స్క్రాపులని రాసుకుంటూ ఉంటారే, ఆ సైటు. "ఇందులో కమ్యూనిటీ అని పెట్టొచ్చన్నా. ఒకే రకం మనుషులంతా ఒక సోట చేరతారు. ఊరందరినీ పిలవద్దు. టోపీ ఎవురికి కావాలనో వాళ్ళనే ఏరి ఏరి పట్టుకోవల్ల. దీన్నే టార్గెట్ సేసేది అంటారు."

టార్గెట్! ఆ మాట నాకు బాగా నచ్చింది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆ మాట వింటే ఒళ్ళు మండేది, ఇప్పుడు మనం సొంతంగా పెట్టుకున్నది కాబట్టి నచ్చింది. నేనూ జిలానీ కూర్చుని ఆలోచించాం. కొండకి ఎక్కువగా వచ్చేది ఎవరు? మద్రాసు వాళ్ళు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇక్కడుంటారు. కాబట్టి మన టార్గెట్ మద్రాసు. మద్రాసులో ఎవరు? గుండు వాళ్ళు. చాలా తేలిక.

కమ్యూనిటీకి ఇంగ్లీషులో పేరు పెట్టాం, "ప్రౌడ్ టు బీ గుండు" అని. కింద వివరం రాయాలన్నాడు. జిలాని టైపు చేస్తుంటే నేను తెలుగులో చెప్పాను, వాడు ఇంగ్లీషులోకి తిప్పాడు. ఇప్పటికీ ఆ వాక్యాలు నాకు నోటికి వచ్చు. గుండు అంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నలుగురూ చూస్తారని దాచుకోకండి. గుండు దేవుడిచ్చిన అందం. మీ సైజు ఎంతదైనా సరే, దానికి తగ్గట్టు మెత్తటి గుడ్డతో కుట్టిస్తాం. తిరుపతి వస్తే మా షాపుకి రండి.

ఫోటో కూడా పెట్టాలన్నాడు. మా బామ్మర్ది గృహప్రవేశంలో తీసిన నా ఫుల్ ఫోటో ఒకటి ఉంటే పెట్టించాను. తల మీద మా టోపీ కూడా ఉందిలే, పబ్లిసిటీకి పనికొస్తుందని.

ఆ తర్వాత రోజూ పొద్దున పది నుంచి పన్నెండు దాకా అదే పని. మద్రాసు అని రాసుకున్న వాళ్ళ పేజీలు వెతికి, ఒక్కొక్కరికీ స్క్రాపు కొట్టేవాణ్ణి. "ఆర్ యూ గుండు? ఇప్పుడు కాకపోయినా త్వరలో గుండు అవుతారా? మా కుటుంబంలో చేరండి." మనిషి మనిషికీ పేరు పెట్టి మరీ రాశాను, మర్యాదగా ఉంటుందని. ఆడవాళ్ళనూ వదల్లేదు. మొక్కు అందరికీ ఉంటుంది కదా.

మొదటి రెండు రోజులు తిట్లు వచ్చాయి. ఒకాయన, నీకు కళ్ళు లేవా, నేను గుండు కాదు, హెల్తీ, అని రాశాడు. ఒకమ్మాయి నన్ను బ్లాక్ చేసే ముందు పెద్ద పెద్ద అక్షరాలతో ఏమేమో తిట్టింది. "భక్తి లేని వాళ్ళన్నా, వదిలేయ్" అన్నాడు జిలాని. వదిలేశాం.

మూడో రోజు నుంచి చేరడం మొదలైంది! కన్నన్ అని ఒకాయన మొదట చేరాడు. "చిన్నప్పటి నుంచీ గుండు. గర్వంగా ఉంది" అని రాశాడు. పుట్టువెంట్రుకల నాటి నుంచీ ఏటా కొండకొస్తున్నాడు కాబోలు అనుకున్నాను. తర్వాత సరోజ అని ఒకావిడ. "మా అమ్మ గుండు, మా అమ్మమ్మ గుండు, నేనూ గుండు, మా ఇంట్లో ఇంతే" అని రాసింది. ఎంత భక్తి! చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. మూడు తరాల ఆడవాళ్ళు తలనీలాలిచ్చిన కుటుంబం అని జిలానికి కూడా చూపించాను.

సభ్యులు పెరిగేకొద్దీ నాకు హుషారు పెరిగింది. గుండు వల్ల మీరు పడుతున్న ఇబ్బందులు చెప్పండి, అని ఒక చర్చ మొదలుపెట్టాను. ఎండ దెబ్బ అంటారు, చందనం కారుతుంది అంటారు, టోపీ మాట ఎత్తొచ్చు అని నా ప్లాను. జవాబులు గుట్టలుగా వచ్చాయి. బస్సులో పక్కసీటు వాళ్ళు మొహం అదోలా పెడతారు అని ఒకరు. చందనం అంటుకుంటుందని కాబోలు. మెట్లెక్కితే ఆయాసం అని ఒకరు. అలిపిరి మెట్లు ఎవరికైనా ఆయాసమే. చొక్కాలు దొరకవు అని నలుగురైదుగురు రాశారు. ఇది మాత్రం నాకు అర్థం కాలేదు.

"మెడకాడ ఇరుకుగా ఉంటే గుండుకి గీరుకుంటాదన్నా" అన్నాడు జిలాని. వాడికి తెలియనిది లేదు.

ఒకాయన దిగులుగా, నాలుగు కిలోలు తగ్గాను, నన్ను కమ్యూనిటీ నుంచి తీసేస్తారా, అని రాశాడు. నాలుగు కిలోల జుట్టా! మనిషికి అంత జుట్టు ఉంటుందా అని నేనూ జిలానీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చివరికి జవాబు రాశాను. తగ్గిందని బాధపడకండి సోదరా, మూడు నెలల్లో మళ్ళీ పెరుగుతుంది, అప్పుడు మళ్ళీ రండి. ఆ జవాబుకి కమ్యూనిటీ మొత్తం చప్పట్లు కొట్టింది. ఇంత ధైర్యం చెప్పినవాళ్ళు మాకు ఇంతవరకూ లేరు అని సరోజగారు రాసింది. నేను ఆ రోజు ఇంటికి నడుస్తున్నట్టు లేదు, తేలుతున్నట్టుంది.

అప్పుడే కన్నన్ అడిగాడు. మనమంతా ఒకసారి కలవాలి సార్, మీ షాపు దగ్గరే మీటింగ్ పెట్టుకుందాం, వ్యాను మాట్లాడుకుని ఇరవై ఆరుమందిమి వస్తాం, అని. నెలాఖరుకి ఇంకా వారం ఉంది. నాలుగు తలకాయలు చాలన్నాడు మునిరత్నం, నేను ఇరవై ఆరు తెప్పిస్తున్నా! వెంటనే రాశాను, అందరికీ తలా ఒకటి ఫ్రీగా కుట్టించి పెడతాను, మీ మీ సైజులు పంపండి అని. ఏం కుట్టిస్తానో రాయలేదు. టోపీల షాపువాడు టోపీ కాక ఇంకేం కుట్టిస్తాడు?

సైజులు వచ్చాయి. నలభై నాలుగు, నలభై ఆరు, నలభై ఎనిమిది, యాభై. కాగితం మీద రాసుకుని మల్లికకి ఇచ్చాను. ఆవిడ అది చదివి కత్తెర కింద పెట్టేసింది.

"ఏందయ్యా ఇది? నలభై ఆరు ఇంచీల తలకాయ యాడైనా ఉంటాదా?"

"ఇంచీలు కాదు మే, సెంటీమీటర్లు అయ్యుంటాయి."

ఆవిడ టేపు తిప్పి చూసింది. "సెంటీమీటర్లంటే ఏడాది పిల్లోళ్ళ తల. అందురూ పిల్లోళ్ళా వచ్చేది?"

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. "పుట్టువెంట్రుకలు మే! పిల్లల్ని ఎత్తుకొస్తాండారు! అందుకే వ్యాను మాట్లాడినారు!"

ఆవిడకి ఒక్క ముక్క ఎక్కువ చెప్పి ఉంటే సరిపోయేది. కమ్యూనిటీ పేరు చెప్పి ఉంటే చాలు. కానీ మద్దెలో నన్ను లాగొద్దు అని తనే అన్నది కదా, నేను లాగలేదు. పైగా ఇంటర్నెట్ సెంటరంటే పనిలేనోళ్ళ చోటని ఆవిడ అభిప్రాయం. పాపం, పెళ్ళిళ్ళ సీజనులో వచ్చిన రెండు జాకెట్ల ఆర్డర్లు వెనక్కి పంపి, నాలుగు రోజులు కూర్చుని ఇరవై ఆరు బుల్లి టోపీలు కుట్టింది. అంచులకి జరీ కూడా వేసింది, పసిపిల్లలకి ముద్దుగా ఉంటుందని.

ఆదివారం వచ్చింది. షాపు ముందర బ్యానర్ కట్టాను. జిలాని ప్రింటు తీయించి తెచ్చాడు, ఇంగ్లీషు అక్షరాలతో "వెల్‌కం గుండు ఫ్రెండ్స్" అని. మునిరత్నాన్ని కూడా పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టాను, ఆయన కళ్ళతోనే చూడాలని. మల్లిక లోపల టోపీలు పళ్ళెంలో సర్దుతోంది.

తొమ్మిదిన్నరకి వ్యాను వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. మొదట దిగినాయన దిగగానే వ్యాను ఒక బెత్తెడు పైకి లేచింది. తర్వాత ఒకావిడ. తర్వాత ఇంకొకాయన. అందరూ మంచి దిట్టమైన మనుషులు, నవ్వు మొహాలు, ఇస్త్రీ బట్టలు. తలల నిండా నల్లటి ఒత్తైన జుట్టు, ఆడవాళ్ళ జడల్లో మల్లెపూలు. ఇరవై ఆరుమంది. ఒక్క గుండు లేదు! ఒక్క పసిపిల్ల లేదు!

ఇంకా కొండకి పోలేదు కాబోలు అని సర్దుకున్నాను. మొదట దిగినాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయనే కన్నన్. మద్రాసు తెలుగు మాట్లాడతాడు.

"సార్! ఫోటోలో ఎట్లా ఉండారో అట్లానే ఉండారు!"

"సంతోషం సార్. మీలో గుండు ఎంతమందికి?" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి వాళ్ళందరినీ చూపించాడు. "ఏం సార్ అట్లా అడగతారు? అందరూ గుండే!"

"ఇంకా కాలేదు కదా?"

"ఇంకానా?" ఆయన పొట్ట తడుముకున్నాడు. "ఇంకా అంటే కష్టం సార్. ఇది చాలు."

"కాదు సార్, కొండ మీదనా, కిందనా? ఎక్కడ చేయించుకుంటారు?"

"చేయించుకునేది ఏముంది సార్, తనంతట తనే వచ్చింది" అన్నాడు.

ఈయన బాగా వేదాంతి అనుకున్నాను. మునిరత్నం కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నాడు. ఆలస్యం చేయకూడదని, "పిల్లలు వ్యానులోనే ఉన్నారా?" అని అడిగాను. పిల్లలెందుకు సార్, మనదంతా పెద్ద సైజే కదా, అన్నారు ఎవరో వెనక నుంచి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకపోయినా.

"అయితే గిఫ్టు ఇచ్చేయండి సార్. నాది నలభై ఎనిమిది" అన్నాడు కన్నన్. నేను లోపల్నించి పళ్ళెం తెచ్చి, నలభై ఎనిమిది అని చీటీ ఉన్న టోపీ తీసి, ఆయన తల మీద పెట్టాను. దబరా మీద టీ గ్లాసు మూత పెట్టినట్టు ఉంది. ఆయన కళ్ళు పైకెత్తి చూసుకున్నాడు. చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాడు. "ఎన్న సార్ ఇది?" అన్నాడు. ఇప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

అప్పుడు వచ్చింది మల్లిక బయటికి. వ్యానును చూసింది, మనుషుల్ని చూసింది, తల పైకెత్తి బ్యానర్ మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంది. గు... ండు... కన్నన్‌ని అరవంలో ఏదో అడిగింది. ఆయన చెప్పాడు. సరోజగారు చెప్పింది. మళ్ళీ మల్లిక ఏదో అడిగింది. వాళ్ళంతా ఒకేసారి చెప్పారు. ఆవిడ పోయి స్టూలు మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను! తొమ్మిదేళ్ళ షాపు నా వల్ల పోయిందని ఏడుస్తోంది, ఇంక నా బతుక్కి అర్థం లేదు అనుకున్నాను. దగ్గరికి పోయి, "మల్లికా" అన్నాను మెల్లగా.

కొంగు తీసింది. నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళు.

"యోవ్! అరవంలో గుండంటే లావయ్యా! లావు మనిషి! నున్నగా గొరిగించుకుంటే వాళ్ళు గుండనరు, మొట్టై అంటారు!"

మొట్టై! ఎన్నిసార్లు విన్నాను ఆ మాట ఆ రోడ్డు మీద! మద్రాసు బస్సు దిగిన వాళ్ళంతా మొట్టై మొట్టై అంటుంటే, గుడ్డును వాళ్ళు ముట్టై అంటారు కదా, కొండకొచ్చి ఈ గుడ్ల గొడవేంది అనుకునేవాణ్ణి. నాది మదనపల్లె పక్కన పల్లె, మా వైపు కన్నడం వినపడుతుంది గానీ అరవం కాదు. జిలానిది రాయచోటి. మా ఇద్దరికీ కలిపి ఆ ముట్టై కాక వాంగ, పోంగ, సాపాటు, ఆ మూడు ముక్కలే వచ్చు. అరవ సరిహద్దులోని నగరి ఆడపడుచును ఇంట్లో పెట్టుకుని, ఆమెను ఒక్క మాట అడక్కుండా, నెలరోజుల పాటు మద్రాసులో ముక్కూమొహం తెలియని మనుషులకి పేరు పెట్టి మరీ రాశాను. మీరు లావా? ఇప్పుడు కాకపోయినా త్వరలో లావవుతారా?

జిలాని కోసం చూశాను. వాడి సెంటరు షట్టర్ అప్పటికే సగం దిగింది.

ఆ ఇరవై ఆరుమందికీ విషయం చెప్పాలి. ఎంత ప్రేమగా వచ్చారు వాళ్ళు! సిగ్గుపడొద్దు అని మొదటిసారి ఎవరో అన్నారని, ఆదివారం పూట వ్యాను మాట్లాడుకుని వచ్చారు. ఆ అన్నవాడు వాళ్ళ గురించి అనలేదని ఎట్లా చెప్పేది? మల్లికే చెప్పింది, అరవంలో, నిదానంగా. టోపీ చూపించింది, తల చూపించింది, నన్ను చూపించింది. మునిరత్నం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మొదట సరోజగారు నవ్వింది. ఆవిడ నవ్వితే ఆగేది కాదు. నలుగురు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. నాలుగు కిలోలు తగ్గినాయన కూడా అందులోనే ఉన్నాడు. "మూడు నెలల్లో మళ్ళీ పెరుగుతుందన్నారు కదా సార్! ఆ ఒక్క మాటతో డైటింగ్ మానేశాను!" అని నా భుజం మీద ఒక్కటి వేశాడు. ఇప్పటికీ సలుపుతోంది.

కన్నన్ మాత్రం నవ్వలేదు. నన్ను కిందికీ పైకీ చూస్తున్నాడు.

"సార్, అయితే మీరు గుండు కాదా?"

"నేనా? నేను మొన్నెప్పుడో కొట్టించుకున్నా..."

"అది కాదు సార్. మా గుండు. ఫోటో చూసే కదా మేమంతా చేరింది! ఈ మనిషి చెప్తే నమ్మవచ్చు, మనవాడు అనుకున్నాం."

ఇరవై ఆరుమందీ నన్ను చూశారు. మునిరత్నం చూశాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. నేను ఊపిరి లోపలికి పీల్చి నిలబడ్డాను. ఎంతసేపని బిగబడతాను?

"గుండే, గుండే!" అంది మల్లిక స్టూలు మీద నుంచి. "అందులో మాత్రం మోసం లేదు. కావాలంటే టేపు పెట్టి సూపిస్తా!"

టేపు తీసింది కూడా. అందరి ముందరా నా పొట్ట చుట్టూ తిప్పింది. ఆ టేపును చూడగానే సరోజగారి నవ్వు ఆగింది. దగ్గరికొచ్చి అరవంలో అడిగింది, నువ్వు జాకెట్లు కుడతావా అని. తర్వాత మల్లిక నాకు చెప్పింది ఆవిడ ఏమన్నదో. పెద్ద పెద్ద షాపుల్లో మా సైజు ఉండదమ్మా, టైలర్ దగ్గరికి పోతే గుడ్డ చాలదని మొహం చిట్లిస్తాడు, కొలతలు తీసేటప్పుడు నంబరు గట్టిగా అరిచి చెప్తాడు, నాకు పెళ్ళిళ్ళకి పోవాలంటేనే విసుగు పుడుతుంది, అని. అది విన్నాక నాకు నవ్వు రాలేదు.

మల్లిక ఆవిడను లోపలికి తీసుకుపోయి కర్టెన్ వేసింది. కొలతలు తీసింది, నంబరు అరవకుండా. బయటికి వచ్చి మగవాళ్ళ చొక్కాలకి తీసింది. సగం పని ముందే అయిపోయింది కదా, సైజులన్నీ మా కాగితం మీదే ఉన్నాయి, సెంటీమీటర్లు కాదు, ఛాతీ ఇంచీలు! నలభై నాలుగు, నలభై ఆరు, నలభై ఎనిమిది. మధ్యాహ్నం దాకా షాపులో కాలు పెట్టే సందు లేదు. బల్ల మీద నగరి గుడ్డ తాన్లు పరిచి, వాళ్ళే రంగులు ఏరుకున్నారు. బుల్లి టోపీలు కూడా వదల్లేదు, తలా ఒకటి పిడికిలికి తొడుక్కుని ఫోటో దిగారు.

మునిరత్నం పోతూ పోతూ నన్ను పక్కకి పిలిచాడు. "ఏమప్పా, నాలుగు తలకాయలు కనపడల్ల అన్నాను గానీ, ఇంతింత మనుషుల్ని తెస్తావనుకోలేదు. రీఛార్జి ఆయనకి ఇంకోసోట సూపిస్తాలే. మీ ఆడమనిషినే ముందర కూసోమను, నువ్వు యెనక్కి పో."

అట్లాగే చేశాం. మిషను మళ్ళీ ముందరికి వచ్చింది, కౌంటరు వెనక్కి పోయింది. ఇప్పుడు మద్రాసు నుంచి, వేలూరు నుంచి కూడా గుండు వాళ్ళు వస్తున్నారు. కమ్యూనిటీ పేరు మార్చలేదు, వాళ్ళు ఒప్పుకోలేదు. నేనే ఇంకా దానికి ఓనర్ని. షాపులో కూడా నాకొక ఉద్యోగం ఉంది. పెద్ద సైజు చొక్కా ఏది కుట్టినా మొదట నాకు తొడిగి, అటు తిరుగు, ఇటు తిరుగు, చేతులెత్తు అంటుంది మల్లిక. అలవాటైపోయింది, గోడకి ఆనుకుని కదలకుండా ఎంతసేపైనా నిలబడగలను.

మొన్న డాక్టరు షుగర్ ఉంది, ఒళ్ళు తగ్గించమన్నాడు. సరే అని నాలుగు రోజులుగా తెల్లారే లేచి అలిపిరి మెట్ల మీద నడక మొదలుపెట్టాను. నిన్న చొక్కా తొడిగి చూస్తే భుజాల దగ్గర వదులుగా వచ్చింది. మల్లిక నోట్లోని గుండుసూదులు తీసి చేతిలో పెట్టుకుని నా వైపు చూసింది.

"ఏమయ్యా, నిన్ను సూసి నలభై ఆరు సైజంతా కట్ సేసి పెట్టినా. పదైదు సొక్కాలు! అవి కుట్టి ఇచ్చేదాకా నువ్వు కొండెక్కాలంటే బస్సులో పో."